'సెల్ఫ్ ఇన్సూర్డ్' అంటే ఇన్సూరెన్స్ లేదని కాదు: కాలిఫోర్నియా వర్క్ కాంప్‌పై అపోహలు - వాస్తవాలు

కాలిఫోర్నియాలో వర్క్ కాంప్ (వర్కర్స్ కాంపెన్సేషన్) క్లెయిములు, అంటే పనిలో దెబ్బ తగిలినవాళ్లకు యజమాని ఇవ్వాల్సిన వైద్యం, పరిహారం కోసం వచ్చే క్లెయిములు చూడటం నా ఉద్యోగం. మా దగ్గరికొచ్చేవి ఎక్కువగా సెల్ఫ్ ఇన్సూర్డ్ కంపెనీలవే. మొన్నామధ్య మాకు తెలిసినవాళ్ల అబ్బాయి వేర్‌హౌస్‌లో పెట్టె ఎత్తబోతే నడుం పట్టేసింది. మూడు వారాలు నొప్పి మాత్రలతో నెట్టుకొచ్చాడు. కంపెనీకి ఎందుకు చెప్పలేదని అడిగితే ఒక ఫొటో పంపాడు. టైమ్ క్లాక్ పక్కన గోడకు అంటించిన నోటీసు అది. ఇన్సూరెన్స్ కంపెనీ పేరు రాయాల్సిన చోట పెన్నుతో 'సెల్ఫ్ ఇన్సూర్డ్' అని ఉంది. "వీళ్లకి ఇన్సూరెన్సే లేదంటన్నా, అడిగి ఏం లాభం?" అన్నాడు.

అపోహ: సెల్ఫ్ ఇన్సూర్డ్ అంటే బీమా లేని కంపెనీ.

కాదు. లేబర్ కోడ్ 3700 సెక్షన్ ప్రకారం యజమాని బీమా అయినా కొనాలి, లేదా సొంతంగా చెల్లించగలనని నిరూపించుకుని రాష్ట్రం దగ్గర అనుమతి అయినా తీసుకోవాలి. ఈ రెండో దారి పేరే సెల్ఫ్ ఇన్సూరెన్స్. వైద్యం ఖర్చు, పనికి వెళ్లలేని రోజులకు సగటు వారం జీతంలో మూడింట రెండొంతులు (చట్టం పెట్టిన పరిమితిలో) రెండు దారుల్లోనూ ఒకటే. ఈ రెండూ లేకుండా పని చేయించుకోవడం నేరం.

అపోహ: కంపెనీ దివాలా తీస్తే మన డబ్బులు గోవిందా.

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే, భయం కూడా సహజమే. అందుకే చట్టం ప్రైవేటు కంపెనీల దగ్గర ముందే సెక్యూరిటీ డిపాజిట్ అడుగుతుంది. దాని వెనక 1984లో చట్టం చేసి పెట్టిన సెల్ఫ్ ఇన్సూరర్స్ సెక్యూరిటీ ఫండ్ ఉంది. కంపెనీ చేతులెత్తేస్తే ఆ క్లెయిములు ఫండ్ చేతికి వెళ్తాయి, చెల్లింపులు అక్కడి నుంచి సాగుతాయి. డిపాజిట్ చాలకపోతే ఆ లోటు పూడ్చేది పన్నులు కట్టే జనం కాదు, మిగతా ప్రైవేటు సెల్ఫ్ ఇన్సూర్డ్ కంపెనీలు. తోటివాడు మునిగితే భారం తమ మీద పడుతుంది కాబట్టి ఎవరిని చేర్చుకుంటున్నారన్నది వాళ్లకూ పట్టింపే. 2003 నుంచి అర్హత ఉన్న కంపెనీల తరఫున ఆ డిపాజిట్‌కు ఈ ఫండే ఉమ్మడిగా పూచీ ఇస్తోంది.

నగరాలు, కౌంటీలు, స్కూల్ డిస్ట్రిక్టులు మాత్రం ఈ ఫండ్‌లో ఉండవు. తాత్కాలికంగా మనుషుల్ని సరఫరా చేసే ఏజెన్సీలకు 2012 నాటి ఎస్‌బీ 863 అనే చట్టం సెల్ఫ్ ఇన్సూరెన్స్ దారే మూసేసింది. నా దృష్టిలో అది మంచి నిర్ణయం.

అపోహ: అమెరికా అంతా ఇదే పద్ధతి.

ఏ రాష్ట్రం చట్టం దానిదే. నార్త్ డకోటా, వయోమింగ్‌లలో సెల్ఫ్ ఇన్సూరెన్సే లేదు. టెక్సస్‌లోనైతే ప్రైవేటు కంపెనీ వర్క్ కాంప్‌లో చేరకపోయినా చట్టం ఒప్పుకుంటుంది. అక్కడ ఉద్యోగంలో చేరే రోజే ఈ సంగతి అడగండి.

అపోహ: తప్పు నాదే కదా, పైగా వీసా టెన్షన్.

ఎవరి పొరపాటన్నది సాధారణంగా లెక్కలోకి రాదు. కాలిఫోర్నియాలో ఇమ్మిగ్రేషన్ హోదా కూడా అడ్డు కాదు.

దెబ్బ తగిలిన 30 రోజుల్లోపు కంపెనీకి రాసి ఇవ్వాలి. విషయం తెలిశాక ఒక్క పనిదినంలో వాళ్లు క్లెయిమ్ ఫారం ఇవ్వాలి. అది నింపి ఇచ్చాక, క్లెయిమ్ ఒప్పుకోవాలా వద్దా అని తేల్చేలోపు కూడా 10,000 డాలర్ల వరకు వైద్యం చేయించాల్సిందే. మొదట్లో చెప్పిన ఆ అబ్బాయికి అప్పటికే 22 రోజులు గడిచాయి. ఫోన్ పెట్టేయకుండానే సూపర్‌వైజర్‌కు ఈమెయిల్ రాయించాను.