బీచ్ కచేరీకి బయల్దేరే పాలమూరు, నల్లగొండ దోస్తులకు: అపోహలు - వాస్తవాలు

డిసెంబరు వస్తోందంటే గోవా, విశాఖ కచేరీల పోస్టర్లు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటాయి. ఎవరు పాడుతున్నారో, ఏ పూట పాడుతున్నారో అందరికీ కంఠతా వచ్చు. లెక్క తప్పేదల్లా రైలు, ఉక్కపోత, ఫోను, తిరుగు ప్రయాణం దగ్గరే.

అపోహ: "ఎనిమిది మందిమి ఉన్నం, ఒక్క టికెట్ మీదనే తీద్దాం."

ఒక పీఎన్ఆర్ మీద ఆరుగురికే వీలు, తత్కాల్‌లో అయితే నలుగురికే. ఆన్‌లైన్ టికెట్‌లో అందరూ వెయిటింగ్ లిస్టులోనే మిగిలితే చార్ట్ పడ్డాక అది దానంతటదే రద్దవుతుంది. ఆరు, రెండుగా విడగొడితే ఆ ఇద్దరూ ఇంటి దగ్గర ఆగిపోయే ప్రమాదం ఉంది. నాలుగు, నాలుగుగా తీసి, రెండు ఫోన్లలో ఒకేసారి బుక్ చేయండి. రిజర్వేషన్ 60 రోజుల ముందు ఉదయం 8 గంటలకు తెరుచుకుంటుంది. తిరుగు టికెట్‌కు 60 రోజుల లెక్క తిరిగొచ్చే తేదీ నుంచి వేసుకోవాలి, అంటే అది కొన్ని రోజులు ఆలస్యంగా తెరుచుకుంటుంది. పోయేది తీసిన సంబరంలో చాలామంది దీన్ని మరిచిపోతారు.

సికింద్రాబాద్ - వాస్కోడగామా ఎక్స్‌ప్రెస్ మహబూబ్‌నగర్, గద్వాల మీదుగానే వెళ్తుంది కానీ వారానికి రెండు రోజులే. కచేరీ తేదీకి ముందు ఈ రైలు తేదీలు చూసుకోండి. విశాఖ పోయే నల్లగొండ వాళ్లకు గుంటూరు లైన్ ఉండనే ఉంది.

అపోహ: "పాలమూరు ఎండలనే చూసినోళ్లం, సముద్రపు గాలి మనల్నేం చేస్తది?"

అన్నిటికన్నా ఎక్కువమందిని పడేసేది ఈ ధీమానే. మన దగ్గరి ఎండ పొడిది. చెమట పట్టగానే ఆరుతుంది, ఆరేటప్పుడు ఒంటి వేడిని తీసుకుపోతుంది. తీరంలో గాలి నిండా తేమ ఉంటుంది కాబట్టి చెమట కారుతుందే తప్ప ఆరదు. ఒళ్లు తడిసి ముద్దయినా లోపలి వేడి దిగదు. దానికి తోడు గుంపులో గాలి ఆడదు, గంటల తరబడి ఎగరడం, పైగా బీరు. మూత్రం ముదురు పసుపు రంగులోకి మారడం, తలనొప్పి, పిక్కలు పట్టేయడం మొదటి గుర్తులు. మనిషి తికమకగా మాట్లాడుతున్నాడంటే అది వడదెబ్బ. తాగించే ప్రయత్నాలు మాని మెడ, చంకలు, గజ్జల దగ్గర చల్లటి నీళ్లు పట్టిస్తూ మెడికల్ టెంట్‌కు మోసుకుపోవాలి.

ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ సరిగ్గా లీటరు నీళ్లకే. అర లీటరు సీసాలో పోస్తే మందు చిక్కనై దాహం పెరుగుతుంది, కడుపులో తిప్పుతుంది. ప్యాకెట్ దొరకకపోతే లీటరు నీటికి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ టీ చెంచాతో తలగొట్టి. గంటల కొద్దీ వట్టి నీళ్లే గటగటా తాగడం కూడా మంచిది కాదు, రక్తంలో ఉప్పు శాతం పడిపోతుంది.

అపోహ: "బాయిల ఈత నేర్చినోళ్లకు సముద్రం ఒక లెక్కనా?"

బావిలో, జూరాల నీళ్లలో నేర్చిన ఈతకు అలల ప్రవాహం అలవాటు ఉండదు. ఒడ్డుకొచ్చిన నీరు ఒక పాయగా మళ్లీ లోపలికి లాక్కుపోతుంది. ఆ పాయ దగ్గర అలలు విరగవు, నురగ ఉండదు, చూడ్డానికి నిమ్మళంగా ఉంటుంది. అందుకే కొత్తవాళ్లు సరిగ్గా అక్కడే దిగుతారు. లాగుతుంటే ఒడ్డు వైపు ఎదురీదవద్దు, అలసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది పాయ దాటాక వెనక్కి రావాలి. చేతకాకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి పిలవాలి. ఎర్ర జెండా ఉంటే, చీకటి పడితే, మందు తాగి ఉంటే మోకాలి లోతు కూడా వద్దు.

అపోహ: "బ్యాగు పెద్దదైతేనే మంచిది, లోపలికి తీసుకపోవచ్చు."

మూడు రోజులకు 40 లీటర్ల బ్యాగు చాలు. 60 కిలోల మనిషికి ఆరేడు కిలోలు దాటనీయకండి. బరువైనవి వీపుకు ఆనుకుని మధ్యలో ఉండాలి. పెద్ద బ్యాగులను గేటు దగ్గర సాధారణంగా ఆపేస్తారు, టికెట్ షరతులు ముందే చదవండి. రైల్వే క్లోక్‌రూమ్‌లో తాళం వేసిన సామానునే తీసుకుంటారు. కాబట్టి రెండు జిప్పులు కలిపి తాళం పెట్టే వీలున్న బ్యాగే కొనండి, తాడు బిగించేది కాదు. దారికి కడక్ జొన్న రొట్టెలు, పల్లీల పొడి. సర్వపిండి మొదటి రోజే అయిపోవాలి, దాస్తే బూజు పడుతుంది.

అపోహ: "తప్పిపోతే ఫోన్ చేసుకోవచ్చు."

వేలమంది ఒకే టవర్ మీద పడ్డాక నెట్ ముందు పోతుంది. లొకేషన్ వెళ్లదు, యూపీఐ తిరుగుతూనే ఉంటుంది. అలాంటప్పుడు మామూలు ఎస్సెమ్మెస్ చాలాసార్లు పోతుంది. లోపలికి అడుగు పెట్టగానే కదలని గుర్తు ఒకటి, ఫలానా నంబరు గేటో, మెడికల్ టెంటో, అనుకోండి. ప్రతి గంటకు ఐదు నిమిషాలు అక్కడ కలవాలి. స్టేజీని మాత్రం ఆ గుర్తుగా అనుకోవద్దు, తోపులాట జరిగేదే అక్కడ. నలువైపులా ఒళ్లు తగులుతూ చేతులు పైకెత్తడం కష్టమైతే అప్పటికే ఆలస్యం. చేతులు ఛాతీ ముందు పెట్టుకుని, తోపు ఆగిన క్షణంలో ఏటవాలుగా పక్కకు జరగాలి. కింద పడిన ఫోను కోసం వంగవద్దు.

చెవుల్లో దూది పెట్టుకుంటే చాలనేది వట్టి మాట. 100 డెసిబెల్స్ మోత దగ్గర 15 నిమిషాలకే చెవులు తట్టుకునే హద్దు దాటుతుంది. మెడికల్ షాపులో దొరికే ఫోమ్ ప్లగ్గులను సన్నగా నలిపి, చెవిని పైకి లాగి, లోపల పెట్టి అర నిమిషం వేలితో అదిమి పట్టాలి.

అపోహ: "తెల్లారేదాకా పాటలే, పొద్దున్నే బస్సెక్కుదాం."

2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఆరుబయట లౌడ్‌స్పీకర్లు రాత్రి 10 గంటలకు ఆగాలి. ఏడాదికి 15 రోజులకు మించకుండా ప్రభుత్వం అర్ధరాత్రి వరకు సడలించవచ్చు, అంతే. అంటే జనమంతా ఒకేసారి రోడ్డు మీద పడతారు. గోవాలో అయితే హైదరాబాద్‌లో లాగా యాప్ తీయగానే బండి రాదు. ఉత్తర గోవాలోని వాగతోర్ బీచ్ నుంచి మడ్‌గావ్ స్టేషన్ 50 కిలోమీటర్ల దూరం, ఆ రాత్రి రైలుకు టికెట్ తీసినవాళ్లు దాదాపు వదులుకున్నట్టే. గది నడిచి వెళ్లేంత దగ్గర్లో తీసుకోండి, లేదా తిరుగు బండిని పగలే మాట్లాడి డ్రైవర్ నంబరు కాగితం మీద రాసుకోండి. బైకు అద్దెకు తీసుకుంటే నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉన్నదే తీసుకోవాలి. తెల్ల ప్లేటు సొంత బండి, దాన్ని అద్దెకివ్వడం చట్టవిరుద్ధం. పోలీసులు ఆపితే ఇరుక్కునేది నడిపే మీరే.