కాపు ఉడిగే వేళ పెరటి తోట: అపోహలు - వాస్తవాలు

వేసవి తోట మొదలుపెట్టేటప్పటికన్నా కాపు ఆఖరయ్యేటప్పుడే జనానికి టెన్షన్ ఎక్కువ. నిన్నమొన్నటిదాకా బుట్టలకొద్దీ కోసి అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ పంచిపెట్టినవారే, పూత పలచబడగానే మొక్కకి ఏదో అయిందని కంగారుపడి ఎరువు సంచీ విప్పుతారు. పెరటి తోటలు వేసుకునేవాళ్లకి సలహాలివ్వడం నా పని కాబట్టి ఈ రోజుల్లో ఫోన్లు కూడా ఎక్కువే వస్తాయి. ఈ చివరి నెలలో దేన్ని కోయాలి, దేన్ని విత్తనానికి వదలాలి, దేన్ని పీకేయాలి అన్నది తేల్చుకుంటే చాలు. మొక్కని ఇంకా ఇంకా పిండాలని చూడనక్కర్లేదు. ఆ తేల్చుకోవడానికి అడ్డుపడే నమ్మకాల్లో నేను తరచూ వినేవి ఇవి.

అపోహ: కాపు తగ్గిందంటే బలం చాలట్లేదు, ఎరువు గట్టిగా వేస్తే మళ్లీ కాస్తుంది.

వాస్తవం: బీన్స్, దోస, బీర లాంటివి ఒక్క పంటకాలం బతికే మొక్కలు. కావలసినన్ని గింజలు తయారయ్యాక వాటి ఆయుష్షు తీరినట్టే. కింది ఆకులు పండిపోతాయి, ఎందుకంటే ఆకుల్లోని నత్రజనిని మొక్కే వెనక్కి లాక్కుని గింజలకి పంపిస్తుంది. ఆ దశలో యూరియా వేస్తే మహా అయితే నాలుగు లేత ఆకులొస్తాయి, వాటి వెనకాలే పేనుబంక వస్తుంది. కాయలు మాత్రం రావు.

టమాటా సంగతి కొంచెం వేరు. పగటి వేడి 35 డిగ్రీలు దాటినా, రాత్రి 24 డిగ్రీల కిందికి దిగకపోయినా పుప్పొడి సరిగా పనిచేయక పూత రాలిపోతుంది. అది ముసలితనం కాదు, వేడి దెబ్బ. ఎలా గుర్తుపట్టాలంటే చివుళ్లు చూడండి. చివుళ్లు పచ్చగా, దిట్టంగా ఉండి, పూలు వస్తూ రాలుతుంటే వేడి తగ్గాక మళ్లీ పిందె పడుతుంది. మధ్యాహ్నం కాస్త నీడ, వేళకి నీళ్లు ఇస్తే సరిపోతుంది. చివుళ్లు సన్నబడి, పసుపు కింది నుంచి పైకి పాకుతుంటే ఇక ఆశ వదులుకోవచ్చు. ఇంకో లెక్క కూడా ఉంది. టమాటా పువ్వు పండుగా మారడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. వానలో చలో వచ్చేలోగా అంత గడువు లేదనుకుంటే, ఉన్న పూలనీ చివుళ్లనీ గిల్లేయండి. పూత గిల్లడానికి మనసొప్పదు, తెలుసు. కానీ అప్పుడే ఉన్న కాయలు ఊరతాయి.

వంగ, మిరప మాత్రం నిజానికి ఏళ్లతరబడి బతకగల మొక్కలు. జబ్బు లేకపోతే వాటిని పీకకండి. సగానికి కత్తిరించి, మొదట్లో కంపోస్టు వేసి నీళ్లు పెడితే కొన్ని వారాల్లో కొత్త కొమ్మలేసి మళ్లీ పూతకొస్తాయి. ఎరువు మీద అంత మోజుంటే ఇక్కడ చూపించండి!

అపోహ: కాయని తీగ మీద ఎంత వదిలితే అంత లాభం.

వాస్తవం: దోస పాదులో ఆకులెత్తి వెతికితే ఎక్కడో ఒకచోట పసుపు తిరిగి, బొద్దుగా ముదిరిన కాయ ఒకటి నక్కి ఉంటుంది. దాని లోపల గింజలు గట్టిపడుతున్నంతసేపూ మొక్క కొత్త పిందెల్ని పట్టించుకోదు. కాపు ఆగిపోయిందని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఆ ఒక్క కాయే. దోస, బెండ, బీన్స్ రోజు విడిచి రోజు కోయాల్సిందే, తినేవాళ్లు లేకపోయినా సరే.

అపోహ: ఆఖరున మిగిలిపోయిన కాయల్ని విత్తనానికి వాడుకోవచ్చు.

వాస్తవం: ఆఖరున మిగిలేవి సాధారణంగా గిడసబారిన కాయలు, అదీ అప్పటికే తెగులు సోకిన మొక్కలవి. విత్తనం కాయని కాపు జోరుగా ఉన్నప్పుడే ఎంచుకుని, దారం కట్టి వదిలేయాలి. కాయ అందం కన్నా మొక్క ఆరోగ్యం చూసి ఎంచుకోండి. మనం వంటకి కోసే లేత దోస, లేత వంకాయల్లో గింజ తయారై ఉండదు. దోస పూర్తిగా పసుపు తిరగాలి, వంకాయ రంగు మాడి గట్టిపడాలి, బెండకాయ చెట్టు మీదే ఎండి గీతల వెంట పగలడం మొదలుపెట్టాలి. సొరకాయ ఎండాక ఊపితే లోపల గింజలు గలగలమనాలి. టమాటా అయితే తినే పండు నుంచే తీసుకోవచ్చు. గుజ్జుతో సహా గింజల్ని గ్లాసులో రెండు మూడు రోజులు పులియనిస్తే వాటి చుట్టూ ఉన్న జిగురు పొర విడిపోతుంది. కడిగి నీడలో ఆరబెట్టాలి. పచ్చి గింజల్ని మండుటెండలో పోస్తే మొలకశక్తి దెబ్బతింటుంది. గింజలో తేమ 1 శాతం తగ్గినా, దాచిన చోట వేడి 5 డిగ్రీలు తగ్గినా విత్తనం ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుందని విత్తన శాస్త్రంలో ఒక పాత లెక్క ఉంది. అందుకని బాగా ఆరినవాటిని గాలి చొరని సీసాలో వేసి చల్లటి చోట పెట్టండి.

ప్యాకెట్ మీద ఎఫ్1 హైబ్రిడ్ (రెండు వేరు రకాల్ని కలిపి తీసిన మొదటి తరం విత్తనం) అని ఉంటే ఈ శ్రమ అంతా దండగ. మొలుస్తాయి, కాస్తాయి కూడా, కానీ ఒక్కో మొక్క ఒక్కో తీరుగా ఉంటుంది.

అపోహ: కాకర పక్కన వేసినందుకే దోసకాయ చేదెక్కింది.

వాస్తవం: కాకరకీ దోసకీ సంకరం జరగదు. ఒకవేళ ఒకే జాతి తీగల మధ్య పుప్పొడి మారినా, ఆ తేడా కనపడేది గింజలో, అంటే వచ్చే పంటలో. ఈ కాయ కండ రుచి మారదు. చేదుకి కారణం కుకుర్బిటాసిన్లనే పదార్థాలు. వేసవి చివర్లో వేడి, ఒకరోజు వరద ఒకరోజు కరువు లాంటి నీటి తడబాటు వీటిని పెంచుతాయి. దోసకాయలో ఇవి ఎక్కువగా తొడిమ వైపూ తొక్క కిందా ఉంటాయి కాబట్టి, చేదు లేశంగా ఉన్నప్పుడు ఆ భాగాన్ని మందంగా చెక్కేస్తే మిగతాది బాగానే ఉండొచ్చు. చివర కోసి, ఆ ముక్కతోనే నురగొచ్చేలా రుద్దితే చేదు దిగిపోతుందన్న మాటకి మాత్రం ఆధారం లేదు.

సొర, బీర, గుమ్మడి విషయంలో అంత తేలిగ్గా తీసుకోవద్దు. వీటిలో గట్టి చేదు తగిలిందంటే అది రుచికి సంబంధించిన గొడవ కాదు, విషం. వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి, కొందరిలో రక్తపోటు పడిపోవడం దాకా వెళ్తుంది. ఉడికించినా వేయించినా పోదు. జ్యూస్ ఇంకా ప్రమాదం, ఒక్క గుక్కలో బోలెడంత లోపలికి పోతుంది. కోసిన వెంటనే చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూసి, చేదుంటే ఉమ్మేసి కాయంతా పారేయండి. ఆ తీగ నుంచి విత్తనం కూడా తీయొద్దు. కష్టపడి పెంచిన కాయ అని మొహమాటపడేవాళ్లని చూస్తే నాకు భయం.

అపోహ: పచ్చి టమాటాలు కిటికీలో ఎండ తగిలేలా పెడితేనే పండుతాయి.

వాస్తవం: పండటానికి వెలుతురు అక్కర్లేదు. 18 నుంచి 24 డిగ్రీల వెచ్చదనం చాలు. 30 డిగ్రీలు దాటితే ఎర్రరంగు సరిగా తయారవక నారింజ రంగులోనే ఆగిపోతాయి, ఎండలో పెట్టడం వల్ల జరిగేది అదే. అయితే ప్రతి పచ్చికాయా పండదు. ఒకదాన్ని అడ్డంగా కోసి చూడండి. గింజల చుట్టూ జిగురు ఏర్పడి, కత్తి తగలగానే గింజలు పక్కకి జారితే ఆ సైజు కాయలు దోరకొచ్చి పండుతాయి. కత్తికి గింజలు కూడా తెగితే అవి ఇంకా లేతవి, పచ్చివిగానే వండుకోండి. పండిన అరటిపండుని పక్కన పెడితే తొందరగా మాగుతాయన్న మాట మాత్రం నిజం. దాన్నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు పని అది.

అపోహ: పీకిన మొక్కలన్నీ కంపోస్టులోకే.

వాస్తవం: ముందు వేళ్లు చూడండి. బీన్స్ వేళ్లకి గుండ్రటి బుడిపెలు అతుక్కుని ఉంటాయి, గోటితో గిల్లితే ఊడొస్తాయి, లోపల గులాబీ రంగు. అవి నత్రజని ఇచ్చే బాక్టీరియా కాపురాలు. టమాటా, వంగ, బెండ వేళ్లు మాత్రం అక్కడక్కడా తామే ఉబ్బి ముడులు పడి, గిల్లితే ఊడకపోతే అది మట్టిలో ఉండి వేళ్లలో చేరే నులిపురుగు పని. ఆ వేళ్లూ, వైరస్‌తో ముడుచుకున్న మొక్కలూ కంపోస్టులో వేయొద్దు. కుప్ప లోపల 55 డిగ్రీల పైన వేడి కొన్నాళ్లు నిలబడి, కుప్పని తిరగేస్తుంటేనే రోగకారకాలు చాలావరకు చస్తాయి. ఇంటి కుప్పలు అంత వేడెక్కడం అరుదు. మిగతా మొక్కల్ని మొదలంటా కోసి, వేళ్లని నేలలోనే వదిలేస్తే అవి కుళ్లి మట్టి గుల్లబారుతుంది. బీన్స్ వేళ్లు వదిలితే వచ్చే పంటకి నత్రజని అంతా వాటి నుంచే వస్తుందనుకోకండి. చాలా భాగం మనం కోసుకున్న కాయల్లోనే వెళ్లిపోయింది, కాబట్టి కంపోస్టు మామూలుగానే వేయాలి.

నేలకి విశ్రాంతి కావాలని బోసిగా వదిలేసేవాళ్లున్నారు. బోసి నేల మీద వాన పడితే పైమట్టి గట్టిబారి, పోషకాలు కిందికి దిగిపోతాయి. రెండు మూడు అంగుళాల మందాన ఎండుటాకులు కప్పండి. నులిపురుగు ఉండి, ఎండలు ఇంకా మండుతుంటే నేల తడిపి, పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు అంచులు బిగించి 4 నుంచి 6 వారాలు కప్పితే వేడికి చాలావరకు తగ్గుతుంది. నల్ల షీటు అంత పని చేయదు. టమాటా తీసిన చోట వంగ వేసి పంట మార్చామనుకోవద్దు. టమాటా, వంగ, మిరప, బంగాళాదుంప అన్నీ ఒకే కుటుంబం, తెగుళ్లు కూడా చాలావరకు ఉమ్మడివే.

కుండీల మట్టిని ఏటా పారబోయనక్కర్లేదు. జబ్బు లేకపోతే జల్లించి, మూడో వంతు కంపోస్టు కలిపితే వాడుకోవచ్చు. కోసినవన్నీ ఫ్రిజ్‌లో పడేయడం కూడా తప్పే. టమాటా, దోస, వంగ, గుమ్మడి 10 డిగ్రీల కంటే చలిలో ఎక్కువ రోజులుంటే చెడతాయి. గుమ్మడిని తొడిమ రెండు అంగుళాలు ఉంచి కోసి, ఓ పది రోజులు గాలి ఆడే వెచ్చటి చోట ఉంచితే తొక్క గట్టిపడి నెలల తరబడి నిలవ ఉంటుంది. తొడిమ విరిగినవాటిని మాత్రం ముందే వండేసుకోండి.