ఇంటి రౌటర్‌లో వీపీఎన్: అపోహలు – వాస్తవాలు

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఉండే తెలుగు కుటుంబాలకు ఇంటి నెట్‌వర్క్ అమర్చిపెట్టే పనిలో ఉన్నాను. వీపీఎన్‌ను (నెట్ ట్రాఫిక్‌ను ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే ఇతరులు చదవలేని రూపంలోకి మార్చి, వేరే చోటి సర్వర్ మీదుగా పంపే పద్ధతిని) ఫోన్లలో విడివిడిగా కాకుండా ఒక్కసారిగా రౌటర్‌లోనే పెట్టించుకోవాలనుకునే వారు ఈమధ్య ఎక్కువయ్యారు. ఆలోచన మంచిదే కానీ, ఇంట్లో ఉన్న ప్రతి పరికరాన్నీ ఆ టన్నెల్‌లోకి (రౌటర్‌కూ వీపీఎన్ సర్వర్‌కూ మధ్య ఉండే ఎన్‌క్రిప్ట్ అయిన దారిలోకి) పంపడం చాలా ఇళ్లకు అనవసరమనీ, కొన్నిటికి ఇబ్బంది కూడా అనీ నా అభిప్రాయం.

అపోహ: రౌటర్‌లో వీపీఎన్ ఉంటే ఇల్లంతా సురక్షితం.

వాస్తవం: వీపీఎన్ కాపాడేది మీ రౌటర్ నుంచి వీపీఎన్ సర్వర్ వరకు ఉన్న దారిని మాత్రమే. మీరు ఏ సైట్లకు వెళ్తున్నారన్నది నెట్ ఇచ్చే కంపెనీకి కనబడకుండా పోయి, వీపీఎన్ కంపెనీకి కనబడటం మొదలవుతుంది. బ్యాంకు సైట్ల సమాచారం హెచ్‌టీటీపీఎస్ (మీకూ సైట్‌కూ మధ్య సమాచారాన్ని ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి) వల్ల ముందునుంచీ ఎన్‌క్రిప్ట్ అయ్యే వెళ్తోంది. గూగుల్ ఖాతాలోకి లాగిన్ అయి ఉన్నంతకాలం మీరెవరో గూగుల్‌కు తెలుస్తూనే ఉంటుంది. కంపెనీ పెట్టి ఇచ్చిన పాస్‌వర్డ్‌తోనే నడుస్తున్న సీసీ కెమెరా వీపీఎన్ పెట్టిన తరువాత కూడా అంతే బలహీనంగా ఉంటుంది.

అపోహ: రౌటర్ గిగాబిట్‌ది కాబట్టి వీపీఎన్‌లోనూ అదే వేగం వస్తుంది.

వాస్తవం: డబ్బా మీద ముద్రించిన అంకె వైఫై, పోర్టుల వేగానికి సంబంధించినది. మామూలు సమయంలో చాలా రౌటర్లు ప్యాకెట్లను (డేటా ముక్కలను) దాటించే పనిని ప్రాసెసర్ దాకా రానివ్వకుండా ప్రత్యేక చిప్‌తోనే చేయిస్తాయి. ఎన్‌క్రిప్షన్ మొదలుకాగానే ప్రతి ప్యాకెట్టూ ఆ చిన్న ప్రాసెసర్ చేతిమీదుగానే పోవాల్సివస్తుంది. ఓపెన్‌వీపీఎన్ అనే వీపీఎన్ సాఫ్ట్‌వేర్ సంప్రదాయంగా కెర్నెల్‌కు (ఆపరేటింగ్ సిస్టమ్‌లోని కీలక భాగానికి) బయట, ప్రాసెసర్‌లోని ఒకే కోర్ మీద నడుస్తుంది కాబట్టి దెబ్బ దానికి ఎక్కువ. స్పీడ్ టెస్ట్ నడుస్తుండగా రౌటర్‌లో టాప్ కమాండ్ (ప్రాసెసర్ మీద ఎంత భారం ఉందో చూపేది) తెరిచి చూడండి, నాలుగు కోర్లలో మూడు ఖాళీగా కూర్చుని ఒక్కటే పూర్తిగా నిండిపోయి కనబడుతుంది. 2020 మార్చిలో వచ్చిన లినక్స్ 5.6లో భాగమైన వైర్‌గార్డ్ అనే మరో వీపీఎన్ కెర్నెల్‌లోనే నడుస్తుంది, పనిని అన్ని కోర్లకూ పంచుతుంది. అది వాడే చాచా20 అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతికి, ఏఈఎస్ (మరో ఎన్‌క్రిప్షన్ పద్ధతి) కోసం ఉండే హార్డ్‌వేర్ సాయం అక్కర్లేదు. అందుకే ఇంటి రౌటర్‌కు నేను వైర్‌గార్డ్‌నే సూచిస్తాను. కనెక్షన్‌తో పాటు ఇచ్చే ఫైబర్ పెట్టెలో సాధారణంగా ఈ సదుపాయం ఉండదు. దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో (కనెక్షన్‌ను నేరుగా మీ రౌటర్‌కు అందించేలా) పెట్టించి, వెనుక సొంత రౌటర్ ఒకటి పెట్టుకోవాలి.

అపోహ: టన్నెల్ కనెక్ట్ అయిందంటే అంతా అందులోంచే వెళ్తున్నట్టు.

వాస్తవం: మన దేశంలో ఐపీవీ6 (కొత్త తరం ఐపీ అడ్రస్ పద్ధతి) విస్తృతంగా అమల్లో ఉంది. టన్నెల్‌కు 0.0.0.0/0 (పాత ఐపీవీ4 అడ్రస్‌లన్నీ) మాత్రమే ఇచ్చి ::/0 (ఐపీవీ6 అడ్రస్‌లన్నీ) వదిలేస్తే, ఐపీవీ6 ఉన్న సైట్లన్నీ వీపీఎన్‌ను పక్కనపెట్టి నేరుగా తెరుచుకుంటాయి, పైకి ఏ తేడా తెలియదు. టన్నెల్ తెగినప్పుడు పరికరాలు మామూలు దారిన బయటికి పోకుండా ఉండాలంటే ఫైర్‌వాల్‌లో ఆ పరికరాల నుంచి వ్యాన్‌కు (రౌటర్‌లో బయటి నెట్ వైపుకు) ఫార్వర్డింగ్‌ను తీసెయ్యాలి. డీఎన్‌ఎస్‌ను (సైట్ పేరును అడ్రస్‌గా మార్చే సేవను) కూడా విడిగా పరీక్షించాలి.

అపోహ: ఒకసారి పెట్టాక ఇక చూడనక్కర్లేదు.

వాస్తవం: మా దగ్గర వానాకాలంలో కరెంటు పోయి వచ్చిన మరునాడు వచ్చే ఫోన్లన్నీ దాదాపు ఒకలాగే ఉంటాయి: “వైఫై ఉందండీ, నెట్ లేదు.” చాలా ఇంటి రౌటర్లలో గడియారాన్ని నడిపే బ్యాటరీ ఉండదు కాబట్టి ఆగి మొదలైనప్పుడు సమయం వెనక్కి పోతుంది. వైర్‌గార్డ్ హ్యాండ్‌షేక్‌లో (కనెక్షన్ మొదలుపెట్టే సందేశంలో) సమయ ముద్ర ఉంటుంది. అంతకుముందు అందినదానికన్నా పాత ముద్రతో వచ్చిన అభ్యర్థనను సర్వర్ పట్టించుకోదు. సమయం సరిచేసుకుందామంటే సరైన సమయం చెప్పే ఎన్‌టీపీ సర్వర్‌కు వెళ్లే దారి కూడా ఆ టన్నెల్‌లోంచే ఉంటుంది, టన్నెల్ లేచేది సమయం సరైతేనే. రౌటర్ సొంత ట్రాఫిక్ మామూలు దారిలోనే ఉండి, ఎంచుకున్న పరికరాలు మాత్రమే టన్నెల్‌లోకి వెళ్లేలా అమర్చిన ఇళ్లలో ఈ చిక్కు రాదు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో (రౌటర్లలో వేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో) పీబీఆర్ అనే ప్యాకేజీ ఈ పని చేసిపెడుతుంది.

అపోహ: టీవీ, ఆఫీసు ల్యాప్‌టాప్ కూడా వీపీఎన్‌లో ఉంటేనే మేలు.

వాస్తవం: సినిమాలు చూపించే సేవలు చాలావరకు వీపీఎన్ సర్వర్ల అడ్రస్‌లను గుర్తుపట్టి ఆపేస్తాయి. బ్యాంకు యాప్‌లు విదేశీ అడ్రస్‌ను చూసి అనుమానించవచ్చు. ఆఫీసు ల్యాప్‌టాప్‌కు దాని సొంత వీపీఎన్ ఉంటుంది. ఒకదానిలో ఒకటి పెట్టేసరికి ప్యాకెట్‌లో చోటు తగ్గిపోతుంది. ఈథర్‌నెట్‌లో 1500, పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కలిసే) కనెక్షన్‌లో 1492 బైట్లు ఉంటే, వైర్‌గార్డ్‌కు సాధారణంగా 1420, పీపీపీఓఈ మీద 1412 పెడతాం. ఇది సరిగా లేకపోతే పింగ్ (చిన్న పరీక్ష సందేశం) వెళ్తుంది, కొన్ని సైట్లు వస్తాయి, కొన్ని సగంలో నిలిచిపోతాయి. ఇలాంటి లక్షణం కనబడితే ముందు ఎంటీయూనే (ఒక్కో ప్యాకెట్ గరిష్ఠ పరిమాణాన్నే) చూస్తాను.

అపోహ: మన దేశంలో వీపీఎన్ వాడటం నేరం.

వాస్తవం: దేశమంతటికీ వర్తించే అలాంటి నిషేధం లేదు. జమ్మూకశ్మీర్‌లోని కొన్ని జిల్లాల్లో మాత్రం స్థానిక అధికారులు తాత్కాలికంగా నిషేధించారు. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీపీఎన్ కంపెనీలు వినియోగదారుల పేర్లు, ఇచ్చిన ఐపీ అడ్రస్‌ల వంటి వివరాలను కనీసం 5 ఏళ్లు భద్రపరచాలి. దాంతో ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్, సర్ఫ్‌షార్క్, నార్డ్‌వీపీఎన్ భారతదేశంలోని తమ సర్వర్లను తొలగించాయి.

అపోహ: ఈ వీపీఎన్‌తో ఊళ్లో అమ్మానాన్నల ఇంటి కెమెరాను ఇక్కడినుంచి చూడవచ్చు.

వాస్తవం: కొనుక్కున్న వీపీఎన్ మిమ్మల్ని బయటికి తీసుకెళ్తుంది, బయటివారిని లోపలికి తేదు. అందుకు ఊళ్లోని రౌటర్‌లో వైర్‌గార్డ్ సర్వర్ నడవాలి. ముందు ఆ రౌటర్ వ్యాన్ అడ్రస్ చూడండి. 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే కంపెనీ ఒకే పబ్లిక్ అడ్రస్‌ను చాలామందికి పంచుతోందని అర్థం. ఆ అడ్రస్‌కు బయటినుంచి కనెక్షన్ రాదు. అప్పుడు స్టాటిక్ ఐపీ (మీకే కేటాయించే, మారని పబ్లిక్ అడ్రస్) అడిగి తీసుకోవడమో, రెండు ఇళ్లలోనూ ఐపీవీ6 ఉంటే దాన్ని వాడుకోవడమో, చిన్న సర్వర్ ఒకటి అద్దెకు తీసుకుని రెండు రౌటర్లనూ దానికి కలపడమో చెయ్యాలి.