తన్ను తానే రిక్తునిగా: క్రీస్తు తగ్గింపు గురించిన అపోహలు, వాస్తవాలు

చిత్తూరులో సంఘ కాపరిగా ఉంటూ పెద్దలకు వాక్యపఠన తరగతి నడుపుతున్నాను. అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక రెండవ అధ్యాయానికి వచ్చేసరికి ఆ తరగతి ప్రతిసారీ ఒకే మాట దగ్గర ఆగిపోతుంది. క్రీస్తు "తన్ను తానే రిక్తునిగా చేసికొనెను" అన్నదే ఆ మాట. మా సంఘంలో తమిళ బైబిలు చదువుకునే కుటుంబాలు కూడా ఉన్నాయి. వారి ప్రతిలో ఆ చోట ‘వెరుమైయాక్కి’ అని ఉంటుంది. తెలుగువారికి రిక్తహస్తాలు గుర్తుకు వస్తే, వారికి ఖాళీ పాత్ర గుర్తుకు వస్తుంది. ఏ భాషలో చదివినా లేచే ప్రశ్న మాత్రం ఒకటే: ఇంతకీ ఆయనలో నుంచి ఏమి పోయింది? మూలంలోని గ్రీకు క్రియను బట్టి వేదాంతులు ఈ రిక్తతను ‘కెనోసిస్’ అంటారు. దీని చుట్టూ అల్లుకున్న అపోహలు మన ఇళ్లలో కొందరికి హాని కూడా చేస్తున్నాయి కాబట్టి ఇది వ్రాస్తున్నాను.

అపోహ: యేసు తన దైవత్వాన్ని పరలోకంలో విడిచిపెట్టి వచ్చాడు.

అన్నిటికంటే ఎక్కువగా వినిపించేది ఇదే. ఇది చదువురానివారి పొరపాటు కూడా కాదు. 19వ శతాబ్దంలో జర్మనీకి చెందిన గాట్‌ఫ్రీడ్ థొమాసియుస్ అనే వేదాంతి, దేవుని కుమారుడు ప్రేమ, పరిశుద్ధత వంటి గుణాలను నిలుపుకొని, సర్వశక్తి, సర్వజ్ఞత, సర్వవ్యాపకత్వాలను మాత్రం విడిచిపెట్టాడని వాదించాడు. ఆ వాదం వెనుక ఉన్న ఆరాటాన్ని నేను గౌరవిస్తాను. యేసు ఆకలిగొన్నాడు, అలసిపోయాడు, ఆ దినము తండ్రికే తప్ప కుమారునికి కూడా తెలియదని మార్కు సువార్త 13వ అధ్యాయంలో తానే చెప్పాడు. ఆ మాటల బరువు తగ్గించకుండా చదవాలని ఈ వాదం చేసినవారు ప్రయత్నించారు. అయితే ఆ ప్రయత్నంలో, దేవుడు తన దైవత్వంలో కొంత తీసి పక్కన పెట్టగలడన్న చోటికి చేరుకున్నారు. వాక్యం ఆ మాట చెప్పడం లేదు.

వాక్యాన్ని మన తెలుగులోనే నిదానంగా చదవండి. "మనుష్యుల పోలికగా పుట్టి, దాసుని స్వరూపమును ధరించుకొని, తన్ను తానే రిక్తునిగా చేసికొనెను." ఆయన ఎలా రిక్తుడయ్యాడో చెప్పే మాటల్లో తీసివేయడాన్ని సూచించే క్రియ ఒక్కటీ లేదు. ఉన్నవి పుట్టడం, ధరించుకోవడం. పాలు అమ్ముకొని బ్రతుకుతున్నాడని మనం అన్నప్పుడు అమ్ముకోవడం ముందు, బ్రతకడం తరువాత అని అర్థం కాదు. బ్రతికే తీరు అదేనని అర్థం. ఇక్కడ ‘ధరించుకొని’ కూడా అటువంటిదే. దాసుని స్వరూపాన్ని ధరించడమే ఆయన రిక్తుడైన తీరు. క్రీ.శ. 449లో రోమా బిషప్పు లియో వ్రాసిన లేఖ, ఈ ధారణ మానవత్వాన్ని హెచ్చించింది గాని దైవత్వాన్ని తగ్గించలేదని చెప్పింది. 451లో కల్కెదోనులో కూడిన సంఘ నాయకుల మహాసభ, క్రీస్తులో రెండు స్వభావాలు కలగాపులగం కాకుండా, మార్పు చెందకుండా, విభజన లేకుండా, వేరుపడకుండా ఉన్నాయని ప్రకటించింది.

ఇంకొక చిన్న విషయం మా తరగతిలో చాలామందిని ఆపి ఆలోచింపజేసింది. కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక 8వ అధ్యాయంలో "ధనవంతుడై యుండియు" అని ఉంటుంది. ఫిలిప్పీ పత్రికలో మాత్రం "దేవుని స్వరూపము కలిగినవాడైయుండి" అనే ఉంది, ఆ ‘యు’ లేదు. గ్రీకులోనూ ‘అయినప్పటికీ’ అనే పదం విడిగా లేదు. అందువల్ల ‘దేవుడై ఉండి కూడా తగ్గించుకున్నాడు’ అని చదివినట్లే, ‘దేవుడై ఉన్నందువల్లనే తగ్గించుకున్నాడు’ అని చదివే పండితులూ ఉన్నారు. నా మనసు ఈ రెండవ పఠనం వైపే మొగ్గుతుంది. దేవునితో తనకున్న సమానత్వాన్ని ఆయన స్వలాభానికి వాడుకోలేదు. సిలువ దగ్గర దేవుని అసలు స్వభావమే బయటపడింది.

అపోహ: అయితే ఆయన మనిషిగా కనిపించాడంతే, నిజంగా బాధపడలేదు.

ఇది మొదటి శతాబ్దం చివరికే సంఘాన్ని బాధించిన బోధ. యేసుక్రీస్తు శరీరధారియై వచ్చెనని ఒప్పుకోని ఆత్మ దేవునిది కాదని యోహాను మొదటి పత్రిక తేల్చి చెప్పింది. ఫిలిప్పీ పత్రికలోని ‘పోలిక’, ‘ఆకారము’ అన్న మాటలను చూసి తడబడేవారు, వెంటనే వచ్చే ‘సిలువమరణము’ అనే మాట వరకు చదివితే చాలు.

అపోహ: తగ్గింపు అంటే ఎవరేమి చేసినా నోరు మూసుకొని భరించడం.

ఇది నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలచివేస్తుంది. భర్త చేతిలో దెబ్బలు తిన్న స్త్రీకి, కూలి డబ్బులు ఎగ్గొట్టబడిన మనిషికి, "క్రీస్తు తగ్గించుకోలేదా, నువ్వూ తగ్గించుకో" అని చెప్పిన పెద్దలను నేను చూశాను. నా సేవ తొలి రోజుల్లో అటువంటి మాట నేనూ ఒక చెల్లెలికి చెప్పాను, దానికి ఈనాటికీ పశ్చాత్తాపపడుతున్నాను. ‘తన్ను తానే’ అన్న మాటలోని ఆ ‘ఏ’ను అప్పట్లో నేను పట్టించుకోలేదు. గ్రీకులో కూడా ఇక్కడ ‘తన్ను’ అనే పదం క్రియకు ముందే నిలబడింది. ఆయనను ఇంకొకరు రిక్తుని చేయలేదు. ఒకరు ఇంకొకరిని ఖాళీ చేయడానికి ఈ వాక్యం అనుమతి ఇవ్వదు, అది దోపిడీ. పైగా పౌలు ఈ మాటలు వ్రాసింది, "వినయమైన మనస్సుగలవారై యొకనినొకడు" యోగ్యుడని ఎంచుకోమని సంఘమంతటికీ చెబుతూ. ‘ఒకనినొకడు’ అన్నప్పుడు అది ఇంటి పెద్దకూ వర్తిస్తుంది, సంఘ పెద్దకూ వర్తిస్తుంది.

ఆ పౌలే, అదే ఫిలిప్పీ పట్టణంలో ఎలా ప్రవర్తించాడో అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో ఉంది. విచారణ లేకుండా బహిరంగంగా కొట్టించి చెరసాలలో వేసిన అధికారులు, తెల్లవారిన తరువాత గుట్టుగా వెళ్లిపొమ్మని కబురు పంపారు. పౌలు ఒప్పుకోలేదు. రోమా పౌరులమైన మమ్మును ఇలా చేసి రహస్యంగా వెళ్లగొడతారా, వారే వచ్చి మమ్మును వెలుపలికి తీసుకొని పోవాలని పట్టుబట్టాడు. వారు భయపడి, వచ్చి బతిమాలుకున్నారు. క్రీస్తు తగ్గింపును గురించిన లేఖను పౌలు తరువాతి కాలంలో పంపింది ఆ పట్టణంలోని సంఘానికే.

అపోహ: వినయం అంటే ఎప్పుడూ ఇతరులకు చేయడమే.

మా మందిరంలో గుడ్ ఫ్రైడేకు ముందు రోజైన పరిశుద్ధ గురువారం సాయంత్రం పాదాలు కడిగే ఆచారం ఉంది. చాలామంది ఇంట్లోనే కాళ్లు శుభ్రంగా తోముకొని వస్తారు. ఒక ఏడాది, మామిడి తోటల్లో కూలికి వెళ్లే ఒక అవ్వ బేసిన్ తన దగ్గరకు వచ్చేసరికి పాదాలను కుర్చీ కిందికి లాక్కొని చీర కుచ్చెళ్లతో కప్పుకుంది. మడమలు నిలువునా పగిలి, ఆ పగుళ్లలో ఎర్రమట్టి ఇంకిపోయి ఉంది. "వద్దయ్యగారూ, మీరు తాకకూడదు" అంది. యోహాను సువార్త 13వ అధ్యాయంలో పేతురు అన్నది కూడా అదే. తువాలు నడుముకు కట్టుకున్న ప్రభువుకు పేతురు అడ్డు చెప్పాడు, నేను నిన్ను కడగకపోతే నాతో నీకు పాలు (భాగం) లేదని ప్రభువు జవాబిచ్చాడు. నేను ఆ వాక్యం చదివి వినిపించి, నేల మీద అలాగే కూర్చున్నాను. చాలాసేపటికి ఒక పాదం ముందుకు పెట్టింది.

తరువాత ఆమె నన్ను అడిగింది: "మీ కాళ్లు ఎవరు కడుగుతారయ్యగారూ?" అన్నేళ్లుగా నేను కడుగుతూనే వచ్చాను, ఒక్కసారి కూడా ఆ కుర్చీలో కూర్చోలేదు. మరుసటి ఏడాది నుంచి చివరి కుర్చీ కాపరిది. మొదటిసారి నా పాదాలు కడిగింది ఆ అవ్వే.