రెండు టిప్పర్ల మాలు, రెండేళ్ల పరీక్ష

అమెరికాలో అలబామా రాష్ట్రంలోని ఓపెలైకా దగ్గర ఎక్కడికీ వెళ్లని రోడ్డొకటి ఉంది. కోడిగుడ్డు ఆకారంలో 1.7 మైళ్లు తిరిగి మొదలైన చోటికే వస్తుంది. ఆబర్న్ యూనివర్సిటీకి చెందిన ఎన్‌క్యాట్ అనే తారు పరిశోధన కేంద్రానిది, 2000లో మొదలైంది. 46 ముక్కలు, ఒక్కోటి 200 అడుగులు, అంటే 61 మీటర్లు. తారు, కంకర కలిపిన మిశ్రమం ఏ ముక్కది దానిదే, ఏది ఎంత నిలుస్తుందో చూడటానికి. వేశాక ట్రక్కులు రెండేళ్లపాటు తిరిగి కోటి ప్రామాణిక యాక్సిళ్ల (లెక్క కోసం ఖాయం చేసుకున్న ఇరుసు బరువు, ఒక్కోటి 80 కిలోన్యూటన్లు) బరువు మోపుతాయి.

నన్నడిగితే అసలు టెన్షన్ ట్రక్కులు ఎక్కకముందే, రోడ్డు వేసే రోజునే. ఒక లేన్ వెడల్పులో అయిదు సెంటీమీటర్ల పొర వేయడానికి 61 మీటర్లకు పట్టే మాలు, అంటే ఆ మిశ్రమం, లెక్కేస్తే 27 టన్నులు వస్తుంది, రెండు టిప్పర్లలో సరిపోతుంది. తారు, కంకర వేడిగా కలిపే హాట్ మిక్స్ ప్లాంటేమో వందల టన్నులు ఆగకుండా తీయడానికి కట్టింది, స్టార్ట్ చేయగానే వచ్చే మాలులో వేడీ తారు పాళ్లూ కుదరవు. మామూలు కాంట్రాక్టులో ఆ కాస్త తేడా కిలోమీటర్లలో కలిసిపోతుంది, ఇక్కడ మాత్రం పరీక్ష మొత్తం ఆ రెండు టిప్పర్లే. అందుకే ముందు ట్రయల్ మిశ్రమం తీసి, ల్యాబ్‌లో చూసి, కుదిరాకే ట్రాక్ మీదికి పంపాలి.

రోలింగ్ ఇంకో తలనొప్పి. ప్లాంటు నుంచి సుమారు 150 డిగ్రీల వేడితో వచ్చిన మాలు పలచటి పొరగా పరిస్తే నిమిషాల్లో చల్లారుతుంది, చల్లారాక రోలర్ ఎంత తిప్పినా అణగదు. పక్కపక్క ముక్కల్లో ఒకదానిలో 7 శాతం గాలి ఖాళీలు, ఇంకోదానిలో 10 శాతం మిగిలితే రెండోది ముందే పాడవుతుంది, తప్పేమో మిశ్రమం మీద పడుతుంది. నిజానికి అది రోలర్ లోపం.

ఇవన్నీ ఒక ఎత్తు, సెన్సార్లు ఒక ఎత్తు. పొర అడుగున ఎంత సాగుతోందో కొలిచే చిన్న స్ట్రెయిన్ గేజ్ మీద నేరుగా పేవర్, అంటే మాలు పరిచే యంత్రం, నడిస్తే అది పోయినట్టే. అందుకని ఒక మనిషి గొంతుక్కూర్చుని, వేడి మాలును జల్లెడ పట్టి, పెద్ద కంకర తీసేసి, మెత్తటిది గేజ్ మీద చేత్తో పోసి మెల్లగా అదుముతాడు. పేవర్ వచ్చేది ఆ తర్వాతే.

ఈ శ్రమ వృథా కాదు. 1958-60లో ఇల్లినాయి రాష్ట్రంలో అమెరికా రాష్ట్రాల హైవే అధికారుల సంఘం జరిపిన ఆషో రోడ్ టెస్టులో ఇలాంటి ముక్కల మీదే యాక్సిల్ బరువు రెట్టింపైతే రోడ్డుకు జరిగే నష్టం దాదాపు 16 రెట్లని తేలింది. మన దేశంలో రోడ్ల డిజైనుకు వాడే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకం ఐఆర్‌సీ 37లో 80 కిలోన్యూటన్ల ప్రామాణిక యాక్సిల్ లెక్క మూలం కూడా అక్కడిదే.

ఏ టిప్పర్ మాలు ఏ మీటరు దగ్గర పడింది, అప్పుడెంత వేడి ఉంది, రోలర్ ఎన్నిసార్లు తిరిగింది, అన్నీ అప్పటికప్పుడే రాసుకోవాలి. రెండేళ్ల తర్వాత 37వ మీటరు దగ్గర పగులు కనిపిస్తే, ముందు తీసి చూసేది ఆ పేజీనే.