మంచం వెనుక గోడకు బూజు ఎందుకు పడుతుంది?

పిల్లల గదిలో బూజు సాధారణంగా ఎదురుగా కనిపించే చోట మొదలవదు. దులపడానికి మంచం జరిపినప్పుడో, బీరువా వెనుక పడిన బొమ్మను తీయబోయినప్పుడో, మిరియాల పొడి చల్లినట్లు నల్లని చుక్కలు గోడ మూలలో బయటపడతాయి. పిల్లలు దొర్లి పడిపోకుండా మంచాన్ని మూలకు నెట్టి గోడకు ఆనించి వేయడం చాలామంది చేసే పనే. ఆ మూల రెండు బయటిగోడలు కలిసే చోటయితే, బయట చల్లబడినప్పుడల్లా గదిలో అన్నిటికన్నా ముందు చల్లబడేదీ, గాలి ఆడనిదీ అదే కనుక, నిద్రపోయే బిడ్డ ముక్కుకు అతి దగ్గరగా ఉన్న గోడే బూజుకు అన్నివిధాలా అనువైన చోటవుతుంది.

బూజు అంటే శిలీంధ్రం. విత్తనాల్లా దాన్ని వ్యాపింపజేసే సిద్ధబీజాలు చాలావరకు 2 నుంచి 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పరిమాణంలో ఉండి, ఎంత శుభ్రంగా ఉంచిన ఇంటి గాలిలోనైనా తేలుతూనే ఉంటాయి. గోడ మీది దుమ్ము, రంగు, కాగితం, చెక్క వాటికి ఆహారంగా సరిపోతాయి కాబట్టి, మొలకెత్తడానికి లోటు ఒక్క నీరే. ఆ నీరు కారుతూ కనిపించాల్సిన అవసరం లేదు. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద ఘనమీటరు గాలి సుమారు 23 గ్రాముల నీటి ఆవిరిని, 20 డిగ్రీల వద్ద సుమారు 17 గ్రాములను మాత్రమే ఇముడ్చుకోగలదు. గది గాలి 25 డిగ్రీల వద్ద 60 శాతం తేమతో, అంటే ఇముడ్చుకోగలిగిన ఆవిరిలో 60 శాతంతో ఉందనుకుంటే అందులో దాదాపు 14 గ్రాముల ఆవిరి ఉంటుంది. అదే గాలి 20 డిగ్రీలున్న గోడను తాకినప్పుడు అక్కడి తేమ 80 శాతానికి చేరుతుంది. చేత్తో తడిమితే గోడ పొడిగానే తోస్తుంది, కానీ ఈ స్థితి రోజుల తరబడి కొనసాగితే చాలా రకాల బూజు పెరగడానికి అది చాలు. తలుపులు మూసిన గదిలో రాత్రంతా నిద్రపోయేవారి ఊపిరి కూడా ఆ తేమకు తోడవుతుంది.

అందుకే మచ్చను తుడిచే ముందు అది ఎక్కడ ఉందో చూడాలి. మంచం, బీరువాల వెనుకా, కిటికీ చుట్టూ చుక్కలు చుక్కలుగా ఉంటే గాలిలోని తేమను అనుమానించాలి. నేల నుంచి పైకి పాకి, సున్నం పెచ్చులూడి, తెల్లని ఉప్పు తేలితే పునాది చెమ్మ ఎక్కుతున్నట్లు. పైకప్పు మీద గోధుమరంగు అంచుతో మరక పరుచుకుంటే పైన ఎక్కడో నీరు కారుతున్నట్లు. ఇంకా సందేహం ఉంటే, పొడిగా ఉన్నప్పుడు గోడకు అల్యూమినియం ఫాయిల్ ముక్కను నాలుగు అంచులూ టేపుతో మూసి ఒకటి రెండు రోజులు అంటించి ఉంచండి. ఫాయిల్ వెనుక చెమ్మ చేరితే నీరు గోడలో నుంచి వస్తోంది, గదివైపు చేరితే గాలిలో నుంచి వస్తోంది.

చెమ్మ, బూజు ఉన్న ఇళ్లలో నివసించేవారికి ఉబ్బసం, దగ్గు, పిల్లికూతలు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో వెలువరించిన మార్గదర్శకాలు స్పష్టం చేశాయి. పిల్లల శ్వాసనాళాలు సన్ననివి. పైగా శరీర బరువుతో పోల్చితే వారు పెద్దలకన్నా ఎక్కువ గాలి పీలుస్తారు. నల్లబూజంటే విషమనీ, తెల్లబూజు ఫర్వాలేదనీ అనుకోవడం సరికాదు, రంగును బట్టి ప్రమాదాన్ని అంచనా వేయలేము. కంటికి కనిపిస్తున్న బూజు ఏ జాతిదో తేల్చడానికి పరీక్షలకు డబ్బు పోయడం కూడా చాలాసార్లు వృథాయే, ఎందుకంటే ఏ జాతిదైనా చేయాల్సిన పని ఒక్కటే.

మచ్చ సుమారు ఒక చదరపు మీటరుకు లోపు ఉంటే ఇంట్లోవారే శుభ్రం చేయవచ్చు. బిడ్డను వేరే గదిలో ఉంచి, తలుపు మూసి, కిటికీ తెరిచి, ఎన్95 మాస్కు, చేతి తొడుగులు వేసుకుని, డిటర్జెంటు నీళ్లతో తడిపి తుడవాలి. పొడిగా గీకితే సిద్ధబీజాలు గదంతా లేస్తాయి. బ్లీచ్ మీద ఉన్న నమ్మకం అతిగా ఉందనే చెప్పాలి. అది మచ్చ రంగును పోగొడుతుంది గానీ, సున్నపు గోడలోకి దిగిన తంతువులను అంతగా అందుకోలేదు; చచ్చిన బూజు కూడా అలర్జీ కలిగించగలదు కనుక తుడిచి తీసేయడం తప్పదు. బ్లీచ్‌ను వెనిగర్ వంటి ఆమ్లాలతోనో, అమ్మోనియా ఉన్న ద్రావణాలతోనో కలిపితే ఊపిరితిత్తులను గాయపరిచే వాయువులు పుడతాయి. బూజు లోపలికి పట్టిన స్పాంజి పరుపును, దూది బొమ్మలను వదిలించుకోవడమే మేలు. బూజు మీద రంగు వేస్తే కొన్నాళ్లకు ఆ రంగే పొరలుగా లేస్తుంది.

ఆపైన మంచాన్ని లోపలిగోడ వైపు మార్చాలి. బయటిగోడకు కాస్త ఎడంగా జరిపితే చాలదా అనిపించవచ్చు, కానీ పసిపిల్లలు ఆ సందులో ఇరుక్కునే ప్రమాదం ఉంది. బీరువా వెనుక మాత్రం బెత్తెడు సందు వదలాలి. తేమను కొలిచే చిన్న హైగ్రోమీటరును గది మధ్యలో కాక, బూజు పట్టిన మూలకు దగ్గరగా పెట్టి, అంకె 60 దాటకుండా, వీలైతే 50కి లోపు ఉండేలా చూసుకోవాలి. తడి బట్టలను ఆ గదిలో ఆరవేయకపోవడం, బయటిగాలి పొడిగా ఉన్న వేళల్లో కిటికీలు తెరవడం, ఉక్కపోత రోజుల్లో ఏసీని గానీ తేమను పీల్చే యంత్రాన్ని గానీ నడపడం అందుకు తోడ్పడతాయి. ఇంత చేసినా అదే చోట చుక్కలు మళ్లీ మొలిస్తే తుడవడం ఆపి, గోడ లోపలి పైపులను, పైకప్పును పరీక్ష చేయించాలి.