గుర్రం గిట్టలు పెళుసుబారితే: నూనెలు, తవుడు, బయోటిన్ చుట్టూ ఉన్న అపోహలు - వాస్తవాలు

గిట్టలు పగులుతున్నాయి, లాడం కొట్టిన వారానికే ఊడిపోతోంది, మేకు దిగిన చోటల్లా పెచ్చులు లేస్తున్నాయి అని ఫోన్ చేసేవాళ్ళు నన్ను ముందు అడిగేది ఒకటే, "ఏ నూనె రాయాలి భయ్యా?" అని. హైదరాబాద్ చుట్టుపక్కల బరాత్ గుర్రాలకి, రైడింగ్ స్కూల్ గుర్రాలకి గిట్టలు చెక్కి లాడాలు కొట్టే పని నాది, నాల్‌బంద్ అంటారు మా దగ్గర. రోజూ లాయాల్లో వినే మాటలే ఇక్కడ ఒక్కచోట పెడుతున్నా.

అపోహ: నూనె బాగా పట్టిస్తే గిట్ట గట్టిపడుతుంది.

ఆవనూనె, ఆముదం, కొంతమంది అయితే బండిలోంచి తీసిన పాత ఇంజిన్ ఆయిల్ కూడా రాస్తారు. గిట్ట బయటి గోడ మన గోరు లాంటిదే, కెరాటిన్, ప్రాణం లేని పదార్థం, దానికి పైనుంచి ఏం రాసినా తిండి అందదు. గిట్టకి కావాల్సిన తేమ ఎక్కువగా లోపల రక్తం తిరిగే భాగం నుంచే వస్తుంది. నూనెతో వచ్చేది మెరుపు ఒక్కటే. పైగా పగుళ్ళలో మట్టి, పేడ ఇరుక్కుని ఉండగానే పైన నూనె పూస్తే గాలి ఆడదు, గాలి లేని చోట పెరిగే క్రిములకి అంతకంటే మంచి చోటు ఉండదు. ఇంజిన్ ఆయిల్ అయితే అసలు వద్దు, అందులో లోహాల ముక్కలు, కెమికల్స్ ఉంటాయి, మడమ దగ్గర చర్మం మండుతుంది. పెళ్ళి ఊరేగింపు రోజు ఫోటోల్లో బాగుండాలని కొంచెం రాసుకుంటే రాసుకోండి, దాన్ని మాత్రం వైద్యం అనుకోకండి.

గిట్ట పెరిగేది పైన వెంట్రుకలు ఆగిపోయే అంచు దగ్గర్నుంచి, మేం కోరోనెట్ అంటాం. అక్కడ్నుంచి నెలకి 6 నుంచి 10 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. ముందు భాగం మొత్తం కొత్తది రావాలంటే 9 నుంచి 12 నెలలు పడుతుంది, మడమ దగ్గర గోడ పొట్టి కాబట్టి దాదాపు సగం టైమ్ చాలు. అంటే ఇవాళ నేలకి తగిలి పెచ్చులూడుతున్న అంచు పోయిన ఏడాది తిన్న మేతతో తయారైంది, ఇప్పుడు మీరు పెట్టే మేత ఫలితం వచ్చే ఏడాది ఆ అంచుకి చేరుతుంది. మిగతావన్నీ ఈ లెక్క మీదే నడుస్తాయి.

అపోహ: ఎండకి గిట్ట ఎండిపోయి పగులుతోంది, కాబట్టి రోజుకి నాలుగుసార్లు నీళ్ళు కొట్టాలి.

ఇది నూనె కంటే ఎక్కువ నష్టం చేసే అలవాటు. ఏప్రిల్, మే నెలల్లో సైసులు, అంటే గుర్రాల్ని చూసుకునేవాళ్ళు, పొద్దున కాళ్ళు కడుగుతారు, మధ్యాహ్నం చల్లదనానికి పైప్ పెడతారు, సాయంత్రం పని నుంచి రాగానే మళ్ళీ కడుగుతారు, మధ్యలో ఎండకి అంతా ఆరిపోతుంది. తడిసినప్పుడు గిట్ట ఉబ్బుతుంది, ఆరినప్పుడు కుంచించుకుంటుంది, రోజుకి ఇన్నిసార్లు ఇలా జరిగితే మేకుల చుట్టూ పట్టు వదులవుతుంది, పైపొర చీలుతుంది. వానాకాలంలో బురదలో నిలబడి తర్వాత కాంక్రీట్ మీద ఆరే గుర్రాలకి కూడా ఇదే కథ. ఒళ్ళు చల్లబడాలంటే మెడ మీద, ఛాతీ మీద నీళ్ళు పోయండి, గిట్టలకి రోజుకి ఒక్కసారి కడిగితే చాలు, కడిగాక గుడ్డతో తుడిచి పొడి నేల మీద కట్టేయండి. మూత్రంతో తడిసిన పడక ఇంకా చెడ్డది, అందులోంచి వచ్చే అమ్మోనియా కెరాటిన్‌ని కరిగించుకుంటూ పోతుంది. వరిగడ్డి వేసినా రంపపు పొట్టు వేసినా తడిసింది రోజూ తీసేయాల్సిందే, పైన కొత్తది చల్లి కిందది వదిలేస్తే లాభం లేదు.

అపోహ: తవుడు, ఉలవలు దండిగా పెడితే గిట్టలు ఇనుములా అవుతాయి.

మన దగ్గర గుర్రం అంటే ఉలవలు, ఉలవలు అంటే గుర్రం. ఉలవల్లో ప్రొటీన్ నూటికి ఇరవై పైనే ఉంటుంది, మంచి దాణానే, నేను కాదనను. కాకపోతే పప్పుజాతి గింజలన్నిటిలాగే వీటిల్లో కూడా మిథియోనిన్ తక్కువ. కెరాటిన్ గట్టిదనం సల్ఫర్ బంధాల వల్ల వస్తుంది, ఆ సల్ఫర్‌ని తెచ్చేవి సిస్టీన్, మిథియోనిన్ అనే అమైనో ఆమ్లాలే. అందుకే దాణా మొత్తం ఉలవల మీదే పెట్టుకోవద్దు. ఉలవలు నానబెట్టి ఉడికించే పెట్టండి, పచ్చివి సరిగ్గా అరగవు.

తవుడు దగ్గర నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే పెట్టేవాళ్ళు ప్రేమతోనే పెడతారు. గోధుమ పొట్టులో కాల్షియం కంటే ఫాస్ఫరస్ సుమారు పది రెట్లు ఉంటుంది, బియ్యం తవుడులో తేడా ఇంకా ఎక్కువ. గుర్రానికి మొత్తం మేతలో కాల్షియం ఫాస్ఫరస్ కంటే తగ్గకూడదు, ఒకటిన్నర, రెండు రెట్లు ఉంటే బాగుంటుంది. రోజూ బకెట్‌తో తవుడు పెట్టి పక్కన వట్టి వరిగడ్డి వేస్తే ఒంట్లో కాల్షియం సరిపోక ఎముకల్లోంచి లాక్కుంటుంది, ముదిరితే మొహం ఎముకలు ఉబ్బే జబ్బు వస్తుంది. గిట్ట కణాలు ఒకదానికొకటి అతుక్కోవడానికి కూడా కాల్షియం కావాలి. లూసర్న్ మేత దొరికితే రోజూ కొంత వేయండి, అందులో కాల్షియం, ప్రొటీన్ రెండూ ఉన్నాయి. తవుడు మానలేం అంటే పిడికెడు దగ్గర ఆపండి.

ఇంకోటి, జింక్, కాపర్. 500 కేజీల గుర్రానికి రోజుకి సుమారు 400 మిల్లీగ్రాముల జింక్, 100 మిల్లీగ్రాముల కాపర్ అవసరం, ఎండుగడ్డి మీద బతికే గుర్రానికి ఇవి చాలాసార్లు అందవు. గుర్రాల కోసం తయారుచేసిన మినరల్ మిక్చర్ వాడండి, డబ్బా మీద అంకెలు చదవండి. ఒకేసారి మూడు నాలుగు సప్లిమెంట్లు మాత్రం కలపొద్దు, అన్నిట్లోనూ సెలీనియం అనే ఖనిజం ఉంటే మొత్తం కలిసి ఎక్కువైపోతుంది. అది ఎక్కువైతే జూలు, తోక వెంట్రుకలు రాలిపోతాయి, గిట్టకి కోరోనెట్ దగ్గర అడ్డంగా పగులు వస్తుంది, అంటే బాగుచేద్దామని పెట్టిందే గిట్టని తినేస్తుంది.

అపోహ: బయోటిన్ రెండు నెలలు పెట్టాం, ఏం మారలేదు, అది దండగ.

బయోటిన్ అంటే ఒక బి విటమిన్, దాని ఫలితం రెండు నెలల్లో కనపడదు, పైన చెప్పిన లెక్క వేసుకోండి. వియన్నాలోని స్పానిష్ రైడింగ్ స్కూల్ లిపిజానర్ జాతి గుర్రాలకి రోజుకి 20 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చి చూశారు, 1995లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి, గిట్ట నాణ్యతలో తేడా కనపడటానికి సుమారు తొమ్మిది నెలలు పట్టింది. గమనించాల్సింది ఇంకోటుంది, గిట్ట పెరిగే వేగం పెరగలేదు, పెరిగిన గిట్ట మెరుగ్గా వచ్చింది. అది 500 కేజీల గుర్రానికి లెక్క, మన బరాత్ గుర్రాలు చిన్నవి కాబట్టి బరువుని బట్టి తగ్గించుకోవచ్చు, డాక్టర్‌ని అడిగి మొదలుపెట్టండి. మేత సరిగ్గా లేకుండా బయోటిన్ ఒక్కటే పెట్టి కూర్చుంటే అద్భుతాలేం జరగవు. మొదలుపెట్టిన రోజు నాలుగు గిట్టలకీ పక్కనుంచి ఫోటో తీసుకోండి, ప్రతి నెలా అదే కోణంలో తీయండి, పైనుంచి నున్నగా గట్టిగా దిగే కొత్త భాగం మీకే కనపడుతుంది.

అపోహ: పంచకళ్యాణి గుర్రానికి తెల్ల గిట్టలు, తెల్ల గిట్ట మెత్తన.

నాలుగు కాళ్ళూ, మొహమూ తెలుపు ఉన్న గుర్రం శుభమని కొనేటప్పుడు సంతోషపడతారు, కొన్నాక గిట్ట తెల్లగా ఉందని భయపడతారు. రంగుకీ గట్టిదనానికీ సంబంధం లేదు. తెల్ల కాళ్ళ చర్మం ఎండకి, బురదకి కొంచెం సున్నితం, అక్కడ జాగ్రత్త చాలు.

అపోహ: మేకు రంధ్రాలు ఎక్కువైతే గిట్ట పాడవుతుంది, అందుకని లాడం మూడు నెలలకోసారి మారిస్తే మంచిది.

సరిగ్గా తిరగబడిన ఆలోచన ఇది. నాలుగు నుంచి ఆరు వారాలకోసారి చెక్కకపోతే ముందు భాగం పొడుగై బయటికి విచ్చుకుంటుంది, అడుగేసిన ప్రతిసారీ ఆ పొడుగు అంచు గోడని లోపలి నుంచి చీలుస్తుంది, కింద మొదలైన చిన్న పగులు పైకి పాకుతుంది. బాగా పెళుసు గిట్ట అయితే నేను నాలుగు, ఐదు వారాలకే వెళ్తాను, సన్న మేకులు వాడతాను, పాత రంధ్రాల్లో కొట్టను. ఇంకో మాట, లాడానికి గిట్ట సరిపోవాలని బయటి గోడని పైదాకా ఆకురాయితో రాకేసేవాళ్ళు ఉన్నారు, చూడ్డానికి నీటుగా ఉంటుంది, కానీ గిట్టలో అన్నిటికంటే గట్టి పొర అదే, దాన్ని తీసేయొద్దని మీ నాల్‌బంద్‌కి మొహమాటం లేకుండా చెప్పండి. లాడం తీసేస్తే అన్నీ సర్దుకుంటాయనేది కూడా అందరికీ కుదరదు, రాత్రంతా సిమెంట్ రోడ్డు మీద బ్యాండ్ ముందు నడిచే గుర్రానికి, సోల్, అంటే గిట్ట అడుగుభాగం, పల్చగా ఉండే రేసు జాతి థరోబ్రెడ్‌కి ఒక్కసారిగా తీసేస్తే నడవలేవు.

అపోహ: గిట్ట కంపు కొడితే ఫార్మలిన్ పోయాలి.

గిట్ట అడుగున మధ్యలో ఉండే మెత్తటి ఫ్రాగ్ నల్లబడి వాసన వస్తే అది థ్రష్. ఫార్మలిన్, బ్లీచింగ్ లాంటివి బతికున్న భాగాన్ని కూడా కాల్చేస్తాయి, గిట్టని ఇంకా పెళుసు చేస్తాయి. రోజూ గాడుల్లోంచి మురికి తీసి, కుళ్ళిన ముక్క చెక్కి, ఆరబెట్టి, పల్చటి మైలుతుత్తం నీళ్ళలో ముంచిన దూది పెడితే చాలావరకు తగ్గుతుంది. గోడని తట్టినప్పుడు డొల్ల శబ్దం వస్తే మాత్రం లోపల గోడ, అడుగు కలిసే తెల్లగీత దగ్గర కుళ్ళు పాకుతున్నట్టు, దాన్ని తెరిచి గాలి ఆడేలా చెక్కాలి, పైన మందు పోస్తే లోపలికి చేరదు.

అపోహ: గిట్ట మీద రింగులు వయసుతో వస్తాయి.

సన్నగా, ఒకదానికొకటి సమానంగా ఉంటే అవి మేత మారినప్పుడు, కాలం మారినప్పుడు వచ్చేవి, భయం లేదు. ముందువైపు దగ్గరగా, మడమ వైపు ఎడంగా ఉంటే లామినైటిస్, అంటే గిట్ట గోడని లోపలి ఎముకకి పట్టి ఉంచే పొరల వాపు, వచ్చి ఉండొచ్చు. పెళ్ళిళ్ళలో చుట్టాలు ప్రేమగా నోట్లో పెట్టే లడ్డూలు, బెల్లం, ఇంటికొచ్చాక అలిసిపోయిందని పోసే గంపెడు దాణా, ఇవన్నీ దానికి దారితీస్తాయి. గిట్ట వేడిగా ఉండి, మడమ పైన నాడి గట్టిగా కొట్టుకుంటూ, గుర్రం బరువంతా వెనక్కి వేసి నిలబడితే నాల్‌బంద్ కోసం ఆగకుండా ఆ రాత్రే డాక్టర్‌ని పిలవండి, ఆయన వచ్చేలోపు దాణా ఆపేసి, మెత్తటి ఇసకలో నిలబెట్టి, గిట్టల చుట్టూ ఐస్ పెట్టండి, బలవంతంగా నడిపించకండి. కోరోనెట్ నుంచే మొదలై రక్తం కారే పగులుకి కూడా డాక్టర్ చూశాకే మా పని మొదలవుతుంది.